ఎడమకాలి పాఠం

ఒక పోటీలో డ్రిబ్లింగ్ పనికిరాదు, బంతి అందగానే తోటివాడికి ఇచ్చెయ్యాలి. ఇంకో పోటీలో కుడికాలి వాటమున్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ కుర్రాళ్లకు పెట్టిన పోటీల నిబంధనలివి. ఆయన బడిపంతులు. ఆ సంగతి మరిచిపోతే ఆయన గొప్పతనం సగమే తెలుస్తుంది.

డ్రిబ్లింగ్ లేకుంటే బంతి వచ్చాక ఆలోచించే వ్యవధి ఉండదు. ఎవరు ఎక్కడున్నారో ముందే తల తిప్పి చూసుకోవాలి. ఎడమకాలి నిబంధనది ఇంకా లోతైన పని. అలవాటుగా సాగే కాలు ఆగిపోగానే, తాను ఏం చేయబోతున్నాడో కుర్రాడు తనను తానే అడుగుతాడు. తన ఆలోచనను తానే కనిపెట్టి సరిదిద్దుకునే ఈ నేర్పుకు జాన్ ఫ్లావెల్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1970లలో మెటాకాగ్నిషన్ అని పేరు పెట్టాడు. రహీం సాబ్ 1963లోనే కన్నుమూశారు. పేరు రాకముందే ఆయన దాన్ని మైదానంలో నేర్పి చూపించారు!

ఫలితాలు చూడండి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయిన భారత్, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానానికి ఎగబాకింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో, స్టేడియమంతా మనమీద అరుస్తుంటే, దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించారు రహీం, అతను గోల్ కొట్టాడు! చోటు మారినా చెదరని బుద్ధి అది. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం... అందరూ హైదరాబాద్ గడ్డ బిడ్డలే. కలకత్తావాళ్లు ఎన్నైనా చెప్పుకోనీయండి, ఆనాటి భారత ఫుట్‌బాల్‌కు బుర్ర హైదరాబాదే.

మరి ఇప్పుడు? మా గుంటూరు, ఒంగోలు వైపు వేసవి శిబిరాలకు వెళ్తే కడుపు రగిలిపోతుంది. రంగురంగుల జెర్సీలు, వరుసగా ప్లాస్టిక్ కోన్‌లు, గీత బయట గొంతు చించుకునే కోచ్. "పాస్! షూట్! అటు కాదురా!" పిల్లవాడి ఆలోచనంతా కోచే ఆలోచిస్తాడు. బంతి పోగానే వాడు మైదానం వైపు చూడడు, భయంగా కోచ్ మొహం వైపు చూస్తాడు. దీన్ని శిక్షణ అంటారా? ఫీజు కట్టించుకుని పిల్లల బుర్రకు తాళం వేయడం కాదూ!

అవధానంలో పేరుమోసిన కొప్పరపు కవులు పుట్టిన నేల మాది. అవధానమంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎనిమిదిమంది ఎనిమిది వైపులా లాగుతుంటే తన ధ్యాస ఎక్కడుందో తానే కాపలా కాసుకోవడం. మిడ్‌ఫీల్డర్ చేసేదీ అదే పని. ఇంతటి విద్య ఊరిలో పెట్టుకుని మన పిల్లలకు కోన్‌ల చుట్టూ పరుగులేనా?

సత్తెనపల్లి, చిలకలూరిపేట, పర్చూరు బడుల వ్యాయామ ఉపాధ్యాయులకు నా మనవి ఇది. మిరప కోతలయ్యాక, పిల్లలకు తీరిక దొరికినప్పుడు, రహీం సాబ్ నిబంధనలతో ఒక్క పోటీ పెట్టండి. పైసా ఖర్చు లేదు. ఆట సాగినంతసేపూ పెద్దలెవరూ అరవకూడదు. అయిపోయాక ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, బంతి అందకముందు ఏం చూశాడో, ఇంకేం చేసి ఉండొచ్చో వాడి నోటే చెప్పించండి.