‘నా యెఱుక’ - పునఃపఠనము

ఆదిభట్ల నారాయణదాసుగారి (1864-1945) ‘నా యెఱుక’ను మన పరిశోధకులు సామాన్యముగా హరికథావతరణ వృత్తాంతము కొఱకే తిరుగవేయుదురు. అజ్జాడలో జననము, విజయనగరమున విద్య, 1883లో ధ్రువచరిత్రముతో తొలి కథ: ఇంతవఱకు గ్రహించి పుస్తకమును మూసివేయుట పరిపాటి. గ్రంథము చిన్నది. కథ ముప్పదియేండ్ల ప్రాయము దరిదాపులనే నిలిచిపోయినది. 1919లో ఏర్పడిన విజయనగర సంగీత కళాశాలకు అధ్యక్షులైన దాసుగారు గాని, 1938 నాటి ‘దశవిధరాగ నవతి కుసుమ మంజరి’ గాని ఇందు కానరావు. కావున అసమగ్రమని తేల్చుట సులభము. మేము అట్లు తలపము.

గ్రంథనామమే ఆలోచింపదగినది. వీరేశలింగముగారి వలన ‘స్వీయచరిత్రము’ అను పేరు అప్పటికే స్థిరపడినది. దాసుగారు దానిని గ్రహింపక అచ్చతెనుగు పదమును ఎన్నుకొనిరి. ఎఱుక యనగా తెలివి, వేదాంతులకు చైతన్యము, ఎఱుకలసాని చెప్పునదియు ఎఱుకయే. చరిత్రకారుడు జరిగినదానికెల్ల ఆధారము చూపవలెను. ఎఱుక చెప్పువాడు తనకు తోచినంత చెప్పును. వీరేశలింగముగారి రచనలో తమ చర్యలకు సంజాయిషీ చెప్పు ధోరణి విస్తారము. ప్రతిపక్షి ఎప్పుడును ఎదుటనే యుండును. దాసుగారు తమ చాపల్యములను సైతము దాచరు. అవి చెప్పునపుడు మన్నింపు కోరు గొంతు కంటె కథ చెప్పు గొంతే హెచ్చుగా వినవచ్చును.

ఇది హరికథకుని గొంతు. హరికథలో ధ్రువుడును, సురుచియు, నారదుడును ఒక్కడే. అతడే మఱుక్షణమున పాత్రను విడిచి సభవైపు తిరిగి పిట్టకథ నెత్తుకొనును. ఈ గ్రంథములోని ‘నేను’ కూడ అట్టి పాత్రయే యని మా అభిప్రాయము. సూర్యనారాయణ యను బాలుని (ఇది దాసుగారి తొలిపేరు) వెనుదిరిగి చూచు దాసుగారు ఆడించుచున్నారు. పసితనమున భాగవత పద్యములు చదివి పుస్తక విక్రేతను మెప్పించిన ప్రసిద్ధవృత్తాంతము నిట్లు చదివినచో, అది కేవలము బాలప్రతిభకు దృష్టాంతముగా తోపదు. అక్షరము కంటె ముందు చెవి పట్టినది, పట్టినదానిని వెంటనే సభలో వినిపించుట: దాసుగారి కళ యంతయు ఈ రెంటియందే కలదు. రాగలక్షణములకై వెదకు పాఠకునకు నిరాశ కలుగవచ్చును గాని, గాయకుడెట్లు తయారగునో తెలియగోరువానికి ఇంతకంటె కావలసినది లేదు.

సంచారములును సన్మానములును వరుసగా వచ్చు పుటలు మాత్రము కొంత విసువు పుట్టించును. సంస్థానముల ఆదరముపై బ్రదికిన విద్వాంసునకు అవి జమాఖర్చులవంటివి; మనకు అంత అక్కఱలేదు.

ఈ దృష్టితో చూచిన, ఇందలి సంగతులను అన్యాధారము లేక ప్రమాణముగా ఉదాహరించుట తగదు. జ్ఞాపకమునకు కథనశిల్పము తోడైనచోట తేదీని వేఱుగ పరీక్షింపవలెను. అంతకంటె ముందు జరుగవలసిన పని వేఱొకటి కలదు. ‘యథార్థ రామాయణము’ మొదలగు దాసుగారి హరికథలలోని వచనభాగములను ఈ గ్రంథవచనముతో, వాక్యము వాక్యముగా, సరిపోల్చి చూడవలెను.