ఖాళీ తొట్టి

క్రిస్మస్‌కు ముందటి నాలుగు వారాల ఆగమన కాలంలో మొదటి ఆదివారం మా ఇంట్లో అటక మీది పెట్టె కిందికి దిగుతుంది. గడ్డికప్పు పాక, మట్టి గొర్రెలు, కొమ్ము విరిగిన ఎద్దు, మరియమ్మ, యోసేపు ఆ సాయంత్రానికే హాల్లో ఓ మూలన కుదురుకుంటారు. తొట్టి మాత్రం ఖాళీ. బాలయేసు మా అమ్మ పాత పట్టుచీర ముక్కలో, బీరువాలో ఉంటాడు. డిసెంబరు 24న అర్ధరాత్రి పూజ నుంచి వచ్చాకే ఆ మూట విప్పేది.

"ఒక్కసారి పెట్టి చూసి తీసేద్దాం అమ్మమ్మా" అని మనవరాలు రోజూ బతిమాలుతుంది.

"ఇంకా పుట్టలేదు కదమ్మా" అంటాను.

పిల్లల తొందర ఈనాటిది కాదు. హాంబర్గ్‌లో పేదపిల్లల్ని చేరదీసిన యోహాన్ విఖెర్న్ అనే పాస్టరుగారిని కూడా పండగెప్పుడని పిల్లలు అడిగి అడిగి విసిగించారట. ఆయన 1839లో ఒక బండిచక్రం మీద ఆదివారాలకు 4 పెద్ద కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్నవి నిలబెట్టి, రోజుకొకటి వెలిగించారు. ఇప్పుడు మన గుళ్ళలో కనిపించే నాలుగు కొవ్వొత్తుల ఆకుల చక్రానికి మూలం అదే.

నవంబరు నుంచే అంగళ్ళలో క్రిస్మస్ పాటలు మోగుతాయి. పండగనాటికి ఆ పాటలు పాతబడి, 26న నక్షత్రం దించేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. గుడిలో ఈ నాలుగు వారాల ఆదివారం పూజల్లో మహిమ గీతం పాడరు. అర్ధరాత్రి పూజలో గంటలు మోగుతుండగా అది తిరిగి వచ్చినప్పుడు గొంతు పూడుకుపోతుంది. నాలుగు వారాలు నోరు కట్టుకున్నందుకే ఆ పాటకు అంత బలం.

ఎదురుచూపు అంటే ఏమిటో నాకు తెలిసింది మాత్రం మొదటి కానుపప్పుడు. గుంటూరు నుంచి మైలాపూరుకు కోడలిగా వచ్చిన రెండో ఏడు. డిసెంబరు 18న అత్తయ్య నన్ను పరంగిమలకు తీసుకెళ్ళింది. ఆ కొండ మీది గుడి నిరీక్షణ మాతది. నెలలు నిండిన మరియమ్మను తలుచుకునే పండగ ఆ రోజు. నన్ను మెట్లు ఎక్కనివ్వలేదు. "నువ్వు ఇక్కడే కూర్చో, ఆ తల్లికీ నీలాగే నడుం నొప్పి, ఆమెకు తెలుస్తుందిలే" అని తానొక్కతే పైకి వెళ్ళింది. కింద బండరాయి మీద కూర్చుని, లోపల తన్నుతున్న బిడ్డ మీద చెయ్యి వేసుకున్నాను. తొందరపెడితే వచ్చేది కాదు, మానేస్తే ఆగేది కాదు. తినడం, నడవడం, పొత్తిగుడ్డలు ఉతికి మడిచి పెట్టుకోవడం, అంతే నా పని.

మా శాంథోమ్ బసిలికాలో సమాధి ఉన్న పునీత తోమాసు పండగ కూడా ఒకప్పుడు ఈ రోజుల్లోనే, డిసెంబరు 21న వచ్చేది. 1969లో క్యాలెండరు సవరించినప్పుడు జులై 3కు మారింది. నాకది కాస్త వెలితి. ఆయనకు అనుమానపు మనిషిగా పేరు పడింది కానీ, నాకు కనిపించేది సువార్తలోని ఆ ఎనిమిది రోజులు. తోటివాళ్ళంతా తిరిగి లేచిన ప్రభువును చూశామని సంబరపడుతుంటే, తనకు దక్కని సంబరం మధ్యే ఉన్నాడు. అలిగి వెళ్ళిపోలేదు. ఎనిమిదో నాడు తలుపులు మూసిన ఆ ఇంట్లో ఉన్నాడు కాబట్టే చూశాడు.

తెల్లవారుజామున పక్కింటి పిన్నిగారు ముగ్గు వేస్తూ తిరుప్పావై పాడుకుంటారు. మార్గళి నెలలో రోజుకొక్క పాశురమే. ముప్పై వచ్చినా రేపటిది ఈ రోజు పాడరు. ఆ గొంతు వింటూ నేను గోధుమల పళ్ళేనికి నీళ్ళు చిలకరిస్తాను. పాక ముందు పచ్చిక కోసం 14న నానబెట్టి, 15న మట్టిలో చల్లినవి. ముందుగా చల్లితే పండగకు వాడి పసుపెక్కుతాయి, ఆలస్యమైతే మొలక దగ్గరే ఉంటాయి. మా పెళ్ళిలో పాలికల్లో మొలకలు పోసిన మేనత్తే ఈ లెక్క నేర్పింది.

మొన్న మనవరాలు పళ్ళెం పక్కన చూపుడువేలు నిలబెట్టి కొలిచింది. రెండో కణుపు దాకా వచ్చాయి. బొమ్మ సంగతి అడగలేదు. చెంబు అందుకుని, "ఈ పూట నీళ్ళు నేను పోస్తా" అంది.