సరితూగని కారణాలు

ఎటూ తేల్చుకోలేని పరిస్థితి వస్తే నేను తెల్లకాగితం తీసి నడిమధ్య నిలువుగా గీత గీస్తాను. ఒకపక్క చేయడానికి కారణాలు, రెండోపక్క మానడానికి కారణాలు. పాత పద్ధతే. కొత్త ఉద్యోగం ఒప్పుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్న జోసెఫ్ ప్రీస్ట్‌లీకి 1772లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉత్తరం రాసి నేర్పింది ఇదే. మూడు నాలుగు రోజులు తోచినవన్నీ రాయడం, రెండువైపులా సరితూగేవి కొట్టేయడం, ఏం మిగిలిందో చూడటం.

కానీ ఏది దేనికి సరితూగుతుందో చెప్పేదెవరు? ఇక్కడే నాకు నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో పుస్తకంలోని ఒక రోగి గుర్తొస్తాడు. నుదుటి వెనక మెదడు కిందిభాగం దెబ్బతిన్న మనిషి. తెలివికి లోటు లేదు. మంచు గడ్డకట్టిన రోడ్డు మీద ముందు వెళ్తున్న కారు జారి గుంటలో పడినా బెదరకుండా, నింపాదిగా నడుపుకుంటూ ప్రయోగశాలకు వచ్చాడు. మర్నాడు, మళ్లీ రావడానికి డాక్టరు డమాసియో రెండు తేదీలు చెబితే, డైరీ తెరిచి దాదాపు అరగంట లెక్కలు వేశాడు. వేరే పనులు, వాతావరణం, అన్నీ. చివరికి డాక్టరే రెండో తేదీ ఖాయం చేస్తే సరేనని వెళ్లిపోయాడు.

కారణాలకు కొదవ లేదు. ఏ కారణమూ మిగతావాటికన్నా బరువుగా తోచలేదు, అంతే. మంచు మీద కాపాడిన ఆ నిబ్బరమే డైరీ ముందు కాళ్లు కట్టేసింది. భయం, ఇష్టం ఒంట్లో పుట్టించే కదలిక ఆలోచనకు అందకపోతే నిర్ణయం తెమలదని డమాసియో వాదన. అయోవా విశ్వవిద్యాలయంలో ఆయన బృందం నాలుగు పేకకట్టలతో ఒక ఆట ఆడించింది. నష్టం తెచ్చే కట్ట వైపు చెయ్యి చాచే ముందే ఆరోగ్యవంతుల అరచేతుల్లో సన్నని చెమట పరికరానికి అందింది. ఇలాంటి రోగుల్లో అందలేదు. ఏ కట్ట చెడ్డదో ఆటగాళ్లకు అప్పటికే కొంత తెలుసునని తర్వాత కొందరు వాదించారు. అయినా ఆ డైరీ అరగంటను నేను మరిచిపోలేను.

అందుకే కంటతడి పెట్టినవాళ్లను పట్టుకుని, ముందు ఏడుపు ఆపి తర్వాత ఆలోచించమనడం నాకు సుతరామూ నచ్చదు. ఇప్పుడు నా కాగితం మీది ప్రతి కారణాన్నీ పైకి చదివి, ఒంట్లో ఏమైందో పక్కన రాసుకుంటాను. జీతం గురించిన వాక్యం దగ్గర ఏమీ కాదు. అమ్మ ఒక్కతే ఉంటుందన్న చోట గొంతు పట్టేస్తుంది. దడ పుట్టినంత మాత్రాన ఆ దారి తప్పని కాదు. మంచి పని మొదలుపెట్టేటప్పుడూ దడే. ఆకలి మీద, కోపం మీద పుట్టే దడ మరొకటి. కాబట్టి రాత్రి రాసింది పొద్దున్నే మళ్లీ చదువుతాను. రెండుసార్లూ అదే వాక్యం దగ్గర గొంతు పట్టేస్తే, ఎదుటిపక్క ఎన్ని కారణాలున్నా దాన్ని మాత్రం కొట్టేయను.