పిట్ట పక్కనున్న మనిషి

ఈమధ్య హైదరాబాదులో ఒక పక్షుల ఫోటోల ప్రదర్శన చూశాను. అన్నీ నగరం చుట్టుపక్కల చెరువుల దగ్గర తీసినవే. బాగున్నాయి కూడా. తేనెపిట్ట గొంతు మీద నీలి మెరుపు, లకుముకి పిట్ట ముక్కున చేప, చేప తోక నుంచి జారుతున్న నీటిబొట్టు. రెండుసార్లు హాలంతా తిరిగినా ఏదో వెలితి. అదేమిటో మూడోసారికి గానీ అంతుపట్టలేదు. ఆడామగా రంగుల్లో తేడా ఉన్న జాతులన్నిటిలోనూ గోడకెక్కింది దాదాపుగా మగపక్షే. ఆడపక్షి కనిపించిన చోట గూటి దగ్గరే ఉంది, నోట్లో పురుగుతో. కింద 'మాతృత్వం' అనో 'అమ్మ మనసు' అనో ఒక పేరు.

కథల్లో, సినిమాల్లో ఇలాంటి చూపు గురించి మనం ఎన్నేళ్ళుగానో మాట్లాడుతున్నాం. పిట్టల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ప్రకృతే అలా ఉంది కదా అని ఊరుకుంటాం. మెరిసేది మగదైతే మేమేం చేస్తామండీ అన్నారు అక్కడున్న ఒక ఫోటోగ్రాఫరు. ఊదా తేనెపిట్టలో మెరిసేది మగదే, కాదనను. కానీ ఆ వేలాడే గూడు కట్టేది ఆడది. సాలెగూటి పోగులు, ఎండుటాకులు, బెరడు ముక్కలు ఒక్కొక్కటే తెచ్చి ఆ సంచీని అల్లడం చూస్తుంటే దాని రంగేమిటన్న ఆలోచనే రాదు. గిజిగాడిలో అల్లేది మగది. ఆడది వచ్చి గూడంతా పరీక్షగా చూసి, నచ్చకపోతే లేచిపోతుంది. పెయింటెడ్ స్నైప్ అని చెరువు గట్ల బురదలో తిరిగే పిట్ట ఉంది. దాంట్లో ముదురు ఇటుక రంగు మెడ ఆడదానిది. వెలిసిన గుడ్డలా ఉండే మగది గుడ్లు పొదిగి పిల్లల్ని వెంటేసుకు తిరుగుతుంది. తామరాకుల మీద నడిచే జకానాల్లో పొదిగే పనీ పెంచే పనీ మగదానివే. ఈ తండ్రుల ఫోటోకి 'పితృత్వం' అని పేరు పెట్టినవాళ్ళు నాకింతవరకూ తారసపడలేదు.

పాడేది మగపిట్టే అని కూడా చదువుకున్నాం. 2014లో వచ్చిన ఒక అధ్యయనం 323 జాతుల పాటపిట్టల్ని పరిశీలించి, వాటిలో 71 శాతం జాతుల్లో ఆడవీ పాడతాయని తేల్చింది. అంతకు ముందూ అవి పాడుతూనే ఉన్నాయి మరి. వినేవాళ్ళలో చాలామంది పాడుతున్నది మగదే అని ముందే రాసేసుకున్నారు.

కెమెరా భాష సంగతి కొత్తదేం కాదు. వేటగాడి తుపాకీ స్థానంలోకి కెమెరా వచ్చిందని సూసన్ సాంటాగ్ 1977లో వచ్చిన 'ఆన్ ఫోటోగ్రఫీ'లో సఫారీల గురించి రాస్తూ గమనించింది. మనం ఆఫ్రికా దాకా వెళ్ళక్కర్లేదు. ఆదివారం ఉదయం ఏ చెరువు గట్టు మీద నిలబడ్డా 'షూట్‌కొచ్చాం', 'కొట్టేశా', 'దొరికింది' అన్న మాటలే. గూడు కనిపించడానికి అడ్డంగా ఉన్న రెమ్మలు విరిచేస్తారు. వాళ్ళు ఇంటికెళ్ళాక ఆ సందులోంచి కాకి చూస్తుంది. 'అమ్మ మనసు' ఫోటోల వెనక ఇలాంటి కథలు కొన్నయినా ఉంటాయి.

ఈ రంగంలో ఆడవాళ్ళు లేరని కాదు. ఫ్రేములో లేరు. 1931-32లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిగింది. మనకి తెలిసిన పేరు సలీం అలీ. ఆ కాలంలో ఆయన తిరిగిన చాలా అడవుల్లో భార్య తెహ్మినా వెంట ఉంది, గుడారాల మకాం నడిపింది, 1939లో చనిపోయింది. 'ఉబుసుపోకకు పిట్టల్ని చూశాను' అని చెప్పుకునే తీరిక ఆమెకి దొరికిందో లేదో! తన చుట్టూ ఉన్న ఛోటానాగ్‌పూర్ పక్షుల గురించి ఏళ్ళ తరబడి రాసిన జమాల్ ఆరా పుస్తకం 'వాచింగ్ బర్డ్స్'ను నేషనల్ బుక్ ట్రస్ట్ 1970లో వేసింది. పక్షుల గురించి రాసే మిత్రుల్లో కూడా ఆ పేరు వినని వాళ్ళున్నారు.

ఇంతా రాసి, నా సంగతి దాచుకోవడం న్యాయం కాదు.

నేనుండేది చందానగర్. అమీన్‌పూర్ చెరువు దగ్గరే. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో నగర ప్రాంతపు చెరువుకి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. నాకు దూరపు అడవులు కుదరవు. తెల్లవారుజామున ఒంటరిగా ఎక్కడికి అన్న ప్రశ్న, తొమ్మిదింటికి కాలేజీ, ఈ మధ్యలో టిఫిను. అందుకే ఇంటి పక్క చెరువు. కిందటి ఆగస్టులో ఒక ఉదయం గట్టు దిగువన పశువుల కొంగ కనబడింది. వానాకాలం కదా, తలా మెడా నారింజ రంగు తిరిగి ఉన్నాయి. పక్కనే ఒకామె గడ్డి కోస్తోంది. గులాబీ రంగు చీర. ఫ్రేము పాడవుతుందనిపించింది.

"అక్కా, కొంచెం అటు జరుగుతారా, పిట్టని ఫోటో తీసుకుంటాను" అన్నాను.

"పిట్టకు నేనేం అడ్డమొస్తున్న మేడమ్?" అంటూనే ఆమె మోపు ఎత్తుకుని పది అడుగులు జరిగింది. నేను కెమెరా ఎత్తేలోగా కొంగ కూడా పది అడుగులు నడిచి ఆమె పక్కకే చేరింది. ఆమె నవ్వింది.

కొడవలి పడినప్పుడల్లా గడ్డిలోంచి మిడతలు లేస్తాయి. కొంగ వచ్చింది వాటికోసం. గేదెల వెనక తిరిగేదీ అందుకే. పక్షుల పుస్తకంలో ఎన్నోసార్లు చదివిన సంగతే ఇది, పాఠం కూడా చెప్పగలను. అయినా కెమెరా చేతికి రాగానే ఆమె నాకు అడ్డంగానే కనిపించింది. వెనకాల అంతా మసకగా, పచ్చగా, మనిషి జాడ లేకుండా ఉంటేనే 'వైల్డ్' అనిపించుకుంటుందని ఎక్కడ నేర్చుకున్నాను? నాకెవరూ చెప్పలేదు. చూసిన ఫోటోలన్నీ అలాగే ఉన్నాయి, అంతే. చెరువులో బట్టలుతికేవాళ్ళు, గేదెల్ని కడిగేవాళ్ళు, వల లాగేవాళ్ళు అందరూ ఉన్నచోటే ఆ పక్షులూ ఉన్నాయి. ప్రదర్శన గోడ మీద మాత్రం చెరువు ఎవరూ అడుగు పెట్టని చోటులా ఉంది.

ఆ రోజు ఇద్దర్నీ కలిపి తీశాను. ప్రింటు వేయించి మరో ఆదివారం తీసుకెళ్ళి ఇచ్చాను, కొంచెం గర్వంగానే. ఆమె చేయి తుడుచుకుని అందుకుంది. కొంగ స్పష్టంగా ఉంది. కొడవలి ఉంది, గాజుల చెయ్యి ఉంది, చీర అంచు ఉంది.

"మంచిగుంది. నా మొగమేది?"

నిజమే. మెడ దగ్గర ఫ్రేము అయిపోయింది. కొంగని మధ్యకి తేవాలని నేనే కోశాను.

"మల్ల దియ్యి మేడమ్. ఈపాలి నన్ను దియ్యి. కొంగ వస్తే వస్తది" అని మోపు దించి, చీర సర్దుకుని నిలబడింది.