‘డెవలప్ అయింది’ అంటే ఏమైంది?

పోయిన నెల ఒక మిత్రుడి కథకు చిన్న పరిచయం రాస్తూ మొదటి వాక్యం ఇలా పెట్టాను: “మొయినాబాద్ డెవలప్ అవుతున్న రోజుల్లో నడిచే కథ ఇది.” రాసేటప్పుడు ఏమీ అనిపించలేదు. అందరం అనే మాటే కదా. కథ జరిగే దారి ఒకసారి చూసొద్దామని ఆదివారం మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దమనిషి. “మీ దిక్కు బాగా డెవలప్ అయినట్టుంది పెద్దనాయనా,” అన్నాను.

“మస్తయింది బిడ్డా. నా మూడెకరాలు సుత డెవలప్‌మెంట్‌కే ఇచ్చిన.”

“మరి ఇప్పుడేం చేస్తున్నరు?”

“నా వాటకొచ్చిన ప్లాట్లు కొడుకులు అమ్ముకున్నరు. నేను గా వెంచర్ గేటు కాడనే కూసుంట. డ్యూటీ.”

నవ్వుతూనే చెప్పాడు. నా వాక్యం మాత్రం అక్కడే కూలిపోయింది.

ఈ క్రియను మనం ఎన్ని పనులకు వాడుతున్నామో చూడండి. కుర్రాడు యాప్ డెవలప్ చేస్తాడు. జబ్బు మనిషికి నిమోనియా డెవలప్ అవుతుంది. సినిమావాళ్లు లైన్ డెవలప్ చేస్తారు. పొలాన్ని డెవలప్‌మెంట్‌కి ఇస్తారు, కౌలుకి ఇచ్చినట్టే. తేడా ఒక్కటే: కౌలుకిచ్చిన పొలం మళ్లీ పొలంగా తిరిగొస్తుంది.

ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాటకు మొదటి అర్థం చుట్టినదాన్ని విప్పడం. ఎన్వలప్ దీనికి దగ్గరి చుట్టం: అది చుట్టి మూసేది, ఇది విప్పేది. ఫిల్మ్ రోజుల్లో ఫోటో డెవలప్ చేయడమంటే ఇదే అర్థం. బొమ్మ రీల్లో ముందే ఉంటుంది, మందునీళ్లు దాన్ని బయటికి తెస్తాయి. మనవాళ్లు ‘ఫోటోలు కడిగించడం’ అన్నారు. ఎంత బాగుంది! అంటే లోపల ఏదో ఉందని ఒప్పుకునే క్రియ ఇది. మరి భూమి దగ్గరికొచ్చేసరికి లోపల ఏమీ లేదన్నట్టు వాడతాం. చేవెళ్ల చుట్టుపక్కల టమాటా, క్యారెట్, బంతి, గులాబీ పండే నేల బ్రోచర్‌లోకి ఎక్కగానే ‘ఖాళీ జాగ’ అయిపోతుంది.

అసలు చిక్కు తెలుగులో ‘అయింది’ దగ్గర ఉంది. ఇంగ్లీషు క్రియ ఏదొచ్చినా దాని పక్కన ‘చేయు’ గానీ ‘అవు’ గానీ తగిలిస్తాం. ‘చేశారు’ అంటే ఎవరు అనే ప్రశ్న వస్తుంది. ‘అయింది’ అంటే రాదు. వాన పడింది, పొద్దు గూకింది, ఊరు డెవలప్ అయింది. అన్నీ వాటంతట అవే జరిగినట్టు!

కానీ మొయినాబాద్‌లో ఏదీ దానంతటది జరగలేదు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి 1996లో జీవో 111 వచ్చింది. 84 ఊళ్లలో పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు అడ్డం పడింది. మొయినాబాద్ మండలం ఊళ్లు అందులోవే. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. ఆంక్షలున్న రోజుల్లో అక్కడి రైతుల మాట “మా ఊరిని డెవలప్ కానిస్తలేరు” అని. ఆ బాధ నిజమైందే, పక్కనే గచ్చిబౌలి ధరలు కళ్ల ముందు పెరిగాయి మరి. అయితే ఆ వాక్యంలో కర్త ఉన్నాడు: కానివ్వనివాళ్లు. జీవో పోయాక, “డెవలప్ అవుతుంది” అనేసరికి, కర్త మాయమయ్యాడు. అడ్డుకున్నవాళ్లకు పేరుంది, కొన్నవాళ్లకు లేదు.

చేవెళ్ల రోడ్డు కథా అంతే. దారి పొడవునా 900 దాకా మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు చెట్ల కోసం కొందరు నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఇంకోపక్క 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్ది ఎన్నో ప్రాణాలు పోయాయి. రోడ్డు బాగుపడాలి, అందులో రెండో మాట లేదు. ‘బాగుపడు’ అనే క్రియ మనకుంది కూడా. అది వెంటనే ఎవరు బాగుపడ్డారని అడిగిస్తుంది. ‘డెవలప్’ ఆ ప్రశ్నను మింగేస్తుంది.

ఇక మన సంగతి. సమీక్షల్లో “ఈ పాత్ర డెవలప్ కాలేదు” అని తేలిగ్గా రాస్తాం. నేనూ రాశాను. కథలో పాత్ర ఎదగడమంటే వెనకటిదాన్ని వెంట తెచ్చుకుంటూ మారడం. మొదటి పేజీ మనిషి చివరి పేజీ మనిషిలో ఎక్కడో కనబడాలి. లేదంటే రచయితను నిలదీస్తాం. అదే కథలో ఊరు డెవలప్ అయిందంటే మాత్రం ఏమీ అడగం. పాతది ఏమైందో, ఎవరు చదును చేశారో చెప్పమనం. పాత్రకు పెట్టిన పరీక్ష ఊరికి పెట్టకపోవడం విమర్శలో లోపమే అనుకుంటున్నాను. మిత్రుడి కథ నిజానికి ఆ పరీక్షకు నిలబడింది: ఎవరు కొన్నారో, ఎవరు సంతకం పెట్టారో అన్నీ చెప్పాడు. చెప్పనిది నా వాక్యమే.

బస్సు దిగేముందు పెద్దమనిషిని అడిగాను, భూమి ఇచ్చినందుకు బాధ ఉందా అని. “బాధేముంది బిడ్డా, ఇల్లు కట్టినం, పిల్ల పెండ్లి చేసినం,” అని కాసేపాగి, “బాయి పూడ్చేటప్పుడు మాత్రం నేను పోలే,” అన్నాడు.

పరిచయంలో మొదటి వాక్యం మార్చాను: “మొయినాబాద్‌లో కొందరు అమ్మి, కొందరు కొని, బావులు పూడ్చిన రోజుల్లో నడిచే కథ ఇది.” అంత సాఫీగా లేదు. ఉండనీ అనుకున్నాను.