ప్రతిభ: సొత్తా, అమానతా?

తెలుగునాట 'మెరిట్' అనే మాటకు ఎదురు చెప్పేవారు అరుదు. డొనేషన్ లేకుండా వచ్చినది 'మెరిట్ సీటు'. సిఫారసులూ లంచాలూ రాజ్యమేలే చోట ఈ మాటకు గౌరవం దక్కడం సహజమే. అయితే 'మెరిటోక్రసీ' అనే పదానికి ప్రచారం తెచ్చిన గ్రంథం దానిని పొగడడానికి రాసినది కాదు, హెచ్చరించడానికి రాసినది.

బ్రిటిష్ సామాజిక శాస్త్రజ్ఞుడు మైకేల్ యంగ్ 1958లో వెలువరించిన 'ది రైజ్ ఆఫ్ ది మెరిటోక్రసీ' ఒక వ్యంగ్య రచన. 2033 నాటి కల్పిత చరిత్రకారుడొకడు తన కాలపు వ్యవస్థను మెచ్చుకుంటూ కథ చెబుతాడు. తెలివికి కృషిని కలిపితే ప్రతిభ. దానిని బట్టే పదవి, వేతనం, గౌరవం. పూర్వం పేదవాడు తనకు అవకాశం రాలేదని ఊరట చెందేవాడు. కొత్త వ్యవస్థ ఆ ఊరటనూ లాగివేస్తుంది. గెలిచినవాడికి అహంకారం, ఓడినవాడికి అవమానం మిగులుతాయి. చివరకు ఆ చరిత్రకారుడే తిరుగుబాటులో హతుడవుతాడు. రాజకీయ నాయకులు ఈ మాటను ప్రశంసగా వాడుతున్నారని 2001లో యంగ్ పత్రికాముఖంగా నిరసించాడు కూడా.

యంగ్ ఊహించిన సమాజంలో కొలత సరిగానే ఉంటుంది. కడప జిల్లాలో చిక్కు అంతకు ముందే మొదలవుతుంది. 2008లో ఇడుపులపాయలో వెలసిన ట్రిపుల్ ఐటీ పల్లె పిల్లల కోసం ఉద్దేశించినది. పదో తరగతిలో గ్రేడు పాయింట్లు ఉన్న కాలంలో, హాస్టలు లేని ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి అక్కడి ప్రవేశాల్లో 0.4 పాయింట్లు అదనంగా కలిపేవారు. ప్రొద్దుటూరు ప్రైవేటు బడిలో వచ్చిన తొమ్మిది పాయింట్లకూ, పెద్దముడియం జిల్లా పరిషత్ హైస్కూల్లో వచ్చిన తొమ్మిదికీ వెనుక ఉన్న శ్రమ ఒకటి కాదని ప్రభుత్వమే ఒప్పుకొన్నదన్నమాట. ఇది దయ కాదు, తూకపు రాయిని సరిచేయడం.

అయినా తూకం సరిచేసినంత మాత్రాన ప్రశ్న తీరదు. సీటు రాక శనగ చేలో కూలికి వెళ్ళిన పిల్లవాని గౌరవం దేనిపై నిలవాలి? దయ, ధైర్యం, సానుభూతి వంటి గుణాలను కూడా లెక్కలోకి తీసుకోవాలని యంగ్ గ్రంథంలోని అసమ్మతివాదులు కోరుతారు. మంచి మాటే. కానీ కొలబద్దలు పెరిగినా మనుషులకు ర్యాంకులు ఇవ్వడం ఆగదు. ప్రతిభావంతుడు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నను ఈ గ్రంథం తాకనే లేదు. దాని లోపం ఇదే.

ఇస్లామీ చింతన ఇక్కడే మొదలవుతుంది. అమానతులను వాటి 'అహ్ల్'కు అప్పగించాలన్నది 'అన్నిసా' సూరా ఆదేశం. అర్హతకు ఉర్దూలో వాడే 'అహ్లియత్' ఆ పదం నుండి వచ్చినదే. ఈ ఆయతుపై తన రాజనీతి గ్రంథాన్ని నిర్మించిన ఇమామ్ ఇబ్నె తైమియా పదవికి సామర్థ్యం, అమానత్ రెండూ కావాలన్నారు. రెండూ ఒకరిలోనే దొరకడం అరుదు గనుక పనిని బట్టి ఎంచుకోవాలన్నారు. అంటే అర్హత పనికి సంబంధించినది, మనిషి విలువకు కాదు. తన సంపద తన జ్ఞానం వల్లనే వచ్చిందన్న ఖారూన్ గతి ఏమయిందో 'అల్ ఖసస్' సూరా చెబుతుంది.

బైతుల్‌మాల్ పంపకంలో హజ్రత్ అబూబకర్ (రజి) అందరికీ సమానంగా ఇచ్చారు. ఇస్లాంలో ముందున్నవారి ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంటుంది, జీవనభృతిలో సమానత్వమే మేలన్నది ఆయన వాదం. హజ్రత్ ఉమర్ (రజి) సేవలను బట్టి తరగతులు ఏర్పరిచారు. అయితే మరుసటి ఏడాది బతికి ఉంటే అందరినీ సమానం చేస్తానని చివరి కాలంలో అన్నట్టు ఇమామ్ అబూ యూసుఫ్ 'కితాబుల్ ఖరాజ్'లో నమోదు చేశారు. పనికి తగినవారిని ఎంచడం ఒకటి, ఎంపికైనవారికి ఎక్కువ అన్నం పెట్టడం మరొకటి.

ఈ విచక్షణ ముస్లిం సమాజానికీ అవసరమే. 2007 చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. మెరిట్ దెబ్బతిన్నదని ఒకరు, మా వాటా అని మరొకరు. వాటా న్యాయమైనదే. కానీ సీటు చేతికి వచ్చాక దానిని సొంత సొత్తుగా భావిస్తే ఇరువురికీ తేడా ఏముంది? ఆ సీటులో చదివి డాక్టరయినవాడు జమ్మలమడుగు పేదరోగికి ఏమి బాకీపడ్డాడో అడిగే ధైర్యం సమాజానికి ఉండాలి. అలా అడగనంత కాలం, వాటా దక్కినా అమానత్ దక్కనట్టే.