రెండక్షరాల పనితనం

దక్షిణ సూడాన్ 2011 జూలై 9న స్వతంత్ర దేశమైంది. జూలై 14న ఐక్యరాజ్యసమితిలో 193వ సభ్యదేశంగా చేరింది. ఆగస్టులో ‘ఎస్‌ఎస్’ అనే రెండక్షరాలు దాని పేరిట నమోదయ్యాయి. డాట్ ఎస్‌ఎస్‌తో ముగిసే చిరునామాలకు ఇంటర్నెట్‌లో దారి పడింది మాత్రం 2019 ఫిబ్రవరిలో. మధ్యలో ఏడున్నరేళ్లు. అందులో చాలాభాగం అంతర్యుద్ధమే. ఆ కాలమంతా ఆ అక్షరాలను ఎవరూ అమ్ముకోలేదు, ఇంకొకరికి కట్టబెట్టలేదు. దేశం కాస్త తేరుకుని, వాటి బాధ్యత మోయగల సంస్థ ఒకటి సిద్ధమై వచ్చేదాకా అవి దాని పేరు మీదే ఉన్నాయి.

ఇంత ఓపికగా ఒక పని జరిగిందంటే దాని వెనక బాగా ఆలోచించి కూర్చిన ఏర్పాటు ఉండి తీరాలి. కొత్త దేశానికి డొమైన్ ఎక్స్‌టెన్షన్ ఎలా వస్తుందన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే ఆ ఏర్పాటు తాలూకు ఒక్కొక్క అతుకూ కనబడుతుంది. చూసినకొద్దీ దాన్ని కూర్చినవాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతూనే ఉంది.

వాళ్ల ముందున్న చిక్కు చిన్నది కాదు. ప్రతి దేశానికీ ఇంటర్నెట్‌లో ఒక పేరు ఇవ్వాలి. బాగానే ఉంది, కానీ ఏది దేశం? తైవాన్ సంగతేమిటి? పాలస్తీనా సంగతేమిటి? సైన్యాలూ న్యాయస్థానాలూ తేల్చలేని ఈ ప్రశ్న కాలిఫోర్నియాలో కంప్యూటర్ల ముందు కూర్చున్న కొద్దిమంది ఇంజనీర్ల బల్ల మీదికి వచ్చి పడింది. వాళ్లలో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ కలిసి 1984 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 920 అనే పత్రం రాశారు. దేశాల కోసం కొత్త పేర్లు కల్పించకుండా, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ రూపొందించిన, అప్పటికే వాడుకలో ఉన్న ఐఎస్ఓ 3166 జాబితాలోని రెండక్షరాల సంకేతాలను తీసుకుందామన్నారు. ఆ జాబితా మొదటిసారి వెలువడింది 1974లో. డొమైన్ పేర్లన్న ఊహే అప్పటికి ఎవరికీ లేదు.

దాదాపు పదేళ్లకు, 1994 మార్చిలో, పోస్టెల్ ఆర్‌ఎఫ్‌సీ 1591 రాశారు. ఏడు పేజీల పత్రం. ఏది దేశమో ఏది కాదో తేల్చడం మా పని కాదు, ఐఎస్ఓ జాబితాలో దేన్ని చేర్చాలో నిర్ణయించడానికి వాళ్లకొక పద్ధతి ఉంది, ఆ పద్ధతిని మేం నమ్ముతున్నాం అని అందులో తేటగా చెప్పారు. పాతకాలంలో ఊరి కరణం ఏ పొలం ఎవరి సాగులో ఉందో అడంగల్‌లో రాసేవాడు గానీ పొలాలు పంచేవాడు కాదు. పోస్టెల్ తనకు తాను ఇచ్చుకున్న స్థానం అదే. అప్పట్లో ఇంటర్నెట్ మీద ఆయన మాటకున్న బలం తెలిసినవాళ్లకు, ఆయన వదులుకున్నది ఎంత పెద్ద అధికారమో అర్థమవుతుంది. ఏ ఎక్స్‌టెన్షన్ ఎవరికన్నది నిజంగానే ఆయన చేతిలో ఉండేది.

ఇంకా ముచ్చటైన సంగతి, ఐఎస్ఓ కూడా ఆ బరువును తన నెత్తిన పెట్టుకోలేదు. అది ఐక్యరాజ్యసమితి వైపు చూస్తుంది. సమితి వాడే దేశనామాల జాబితాలోనో, దాని గణాంక విభాగం వాడే దేశాలు, ప్రాంతాల జాబితాలోనో పేరు కనబడితేనే సంకేతం ఇస్తుంది. సమితి గణాంకాల వాళ్లకు కావలసింది లెక్క. ఒక ప్రాంతపు జనాభానూ వ్యాపారాన్నీ విడిగా లెక్కకట్టాల్సి వస్తే దానికొక గుర్తు కావాలి, అంతే. అందుకే ఈ జాబితాలో సార్వభౌమ దేశాలతో పాటు మనుషులే లేని మంచుదీవులకూ చోటుంది. పాలస్తీనా భూభాగానికి 1999లో ‘పీఎస్’ సంకేతం దక్కిందీ, 2000 మార్చిలో డాట్ పీఎస్ వచ్చిందీ ఈ దారినే. దేశంగా గుర్తించాలా వద్దా అన్న వాదంలోకి ఇంటర్నెట్ దిగనక్కరలేకపోయింది.

ఐఎస్ఓ జాబితాలో ప్రతి పేరుకూ రెండక్షరాల సంకేతం, మూడక్షరాల సంకేతం, మూడంకెల సంఖ్య ఉంటాయి. అంకెలు సమితి గణాంక విభాగం ఇచ్చేవి. పేరు మారితే అక్షరాలు మారవచ్చు, అంకెలు మారవు. సరిహద్దు మారితే అంకెలు మారతాయి, అక్షరాలు అలాగే ఉండవచ్చు. దక్షిణ సూడాన్ విడిపోయినప్పుడు దానికి 728 వచ్చింది. సూడాన్ పేరు మారలేదు కాబట్టి ‘ఎస్‌డీ’ అలాగే ఉంది. నేల తగ్గింది కాబట్టి 736 పోయి 729 వచ్చింది. 1993లో ఎరిట్రియా విడిపోయాక ఇథియోపియాకూ ఇలాగే 230 కాస్తా 231 అయింది. బర్మా మయన్మార్ అయినప్పుడు ‘బీయూ’ పోయి ‘ఎంఎం’ వచ్చింది, 104 మాత్రం చెక్కుచెదరలేదు. పేరుకొక గుర్తు, నేలకొక గుర్తు. ఈ రెండింటినీ కలపకుండా విడదీసి ఉంచాలని ఎవరికి తోచిందో గానీ, ఈ పట్టికలో నాకు అన్నిటికంటే నచ్చిన నేర్పు అదే.

అక్షరాలు దక్కితే పని ముగిసినట్టు కాదు. నిజానికి కొత్త దేశం చేయాల్సిన పని అప్పుడే మొదలవుతుంది. ఐయానా అనే విభాగానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ విభాగం పనిని ఇప్పుడు, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ అనే సంస్థకు అనుబంధమైన సంస్థ చూస్తోంది. నిర్వహించే సంస్థ ఏది, బాధ్యుడు ఆ దేశంలోనే ఉంటున్నాడా, ప్రభుత్వం ఏమంటోంది, అక్కడి ఇంటర్నెట్ వాడకందార్లను అడిగారా, అందరికీ సమానంగా పేర్లు ఇస్తారా అని చూస్తారు. ఆ ఎక్స్‌టెన్షన్‌ను సొంత ఆస్తిలా చూడకూడదు, దేశం తరఫునా మొత్తం ఇంటర్నెట్ తరఫునా కాపలా కాస్తున్నట్టు చూడాలి అన్న పోస్టెల్ పట్టుదల ఈ ప్రశ్నలన్నిటిలోనూ కనబడుతుంది. దక్షిణ సూడాన్ విషయంలో అక్కడి జాతీయ కమ్యూనికేషన్ అథారిటీ ఆ బాధ్యత తీసుకుంది. 2019 జనవరి 27న ఐకాన్ బోర్డు సరేనంది.

ఆ తర్వాత మిగిలింది ఇంజనీర్ల పని. రూట్ జోన్ అనే ఫైలు ఒకటుంది. ఇంటర్నెట్‌లో ఉన్న ఎక్స్‌టెన్షన్లన్నీ, డాట్ కామ్ దగ్గర్నుంచి డాట్ ఇన్ దాకా, అందులోనే ఉంటాయి. అయినా దాని బరువు రెండు మెగాబైట్లకు అటూ ఇటూ. ఫోనులో తీసిన ఒక్క ఫొటో అంతకంటే బరువు తూగుతుంది. ‘ఏ’ నుంచి ‘ఎం’ దాకా పదమూడు పేర్లున్న రూట్ సర్వర్లు, ప్రపంచమంతటా వెయ్యికి పైగా చోట్ల దీని నకళ్లు పెట్టుకుని జవాబులు చెబుతుంటాయి. కొత్త దేశం రావడమంటే ఈ ఫైలులో కొన్ని వరుసలు చేరడం. ఎక్స్‌టెన్షన్ పేరు, దాని గురించి అడగాల్సిన నేమ్ సర్వర్ పేరు, ఆ జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పే అంకె. ఆ అంకె 1,72,800 సెకన్లు, అంటే సరిగ్గా రెండు రోజులు. డాట్ కామ్‌కైనా, నిన్న పుట్టిన దేశానికైనా అదే గడువు.

ఆ వరుసలు చేర్చేముందు పరీక్షలుంటాయి. కనీసం రెండు నేమ్ సర్వర్లుండాలి. రెండూ ఒకే నెట్‌వర్క్ మీద ఆధారపడకూడదు, ఒకటి తెగిపోతే రెండోది పలకాలి. రెండూ ఒకే జవాబు చెప్పాలి. రూట్‌లో రాసిందీ ఆ దేశపు సర్వర్ చెప్పేదీ పొల్లు పోకుండా సరిపోవాలి. రూట్ ఇచ్చే జవాబు మొత్తం 512 బైట్లలో ఇమడాలి. పాతకాలపు ప్యాకెట్ కొలత అది. అత్యంత పాత పరికరంతో అడిగినవాడికి కూడా జవాబు అందాలన్న పట్టింపు ఈ చిన్న అంకెలో ఉంది. ఈ పరీక్షల్లో దేశం పెద్దదా చిన్నదా, ధనికదా పేదదా అన్న ప్రశ్న ఎక్కడా రాదు. 2016 అక్టోబరు దాకా ప్రతి మార్పుకూ అమెరికా వాణిజ్య శాఖ ఆమోదం కావలసి ఉండేది. ఇప్పుడు ఆ మెట్టు కూడా లేదు.

ఈ యంత్రం చరిత్ర తాకిడికి ఎలా నిలిచిందో చూడాలంటే తూర్పు తిమోర్ దగ్గరికి వెళ్లాలి. 1975లో ఇండొనేషియా దాన్ని ఆక్రమించింది. ఐక్యరాజ్యసమితి ఆ ఆక్రమణను ఒప్పుకోలేదు. కాబట్టి పోర్చుగీస్ తిమోర్ నాటి ‘టీపీ’ జాబితాలో అలాగే ఉండిపోయింది. 1997లో ఐర్లండ్‌లోని డబ్లిన్ నుంచి ఒక ఇంటర్నెట్ సంస్థ డాట్ టీపీని నడపడం మొదలుపెట్టింది. నేల మీద ఇంకా స్వతంత్రం కాని దేశం రూట్ జోన్‌లో తన పేరుతో నిలబడింది. 1999 జనవరిలో ఆ సర్వర్లపై హ్యాకర్లు దాడి చేశారు. ఆ ఏడాదే ఆగస్టు 30న తిమోర్ ప్రజలు స్వాతంత్య్రానికి ఓటేశారు. 2002 మే 20న దేశం స్వతంత్రమైంది. పేరు తిమోర్-లెస్తె అయింది కనుక అక్షరాలు ‘టీఎల్’ అయ్యాయి. నేల అదే కనుక అంకె 626 అలాగే ఉంది. డాట్ టీఎల్ 2005లో వచ్చింది. డాట్ టీపీని రాత్రికి రాత్రి తుడిచేయలేదు. 2015 దాకా ఉంచి, అప్పుడు తీశారు. పాత చిరునామాల మీద బతుకుతున్నవాళ్లకు ఇల్లు మారడానికి అంత వ్యవధి ఇచ్చారు.

పాతదాన్ని తీసేయడంలోని ఈ నెమ్మది ఒక్కరోజులో అలవడలేదు. చెకొస్లొవాకియా చీలాక డాట్ సీఎస్‌ను 1995లో తీసేశారు. 2003లో యుగోస్లావియా ‘సెర్బియా మాంటెనెగ్రో’ అని పేరు మార్చుకుంటే ఐఎస్ఓ అవే ‘సీఎస్’ అక్షరాలను దానికి ఇచ్చింది. ఈ పట్టికలో ఇదొక్కటి చేయకూడని పని అని నా అభిప్రాయం. పాత కాగితాల్లో సీఎస్ అని ఉంటే ప్రాగ్ అనుకోవాలా, బెల్‌గ్రేడ్ అనుకోవాలా? ఇప్పుడు ఖాళీ అయిన అక్షరాలను కనీసం 50 ఏళ్లు ఎవరికీ ఇవ్వకూడదన్న కట్టుబాటు ఉంది. ఆ కొత్త సీఎస్ రూట్ జోన్‌లోకి ఎప్పుడూ ఎక్కలేదు, ఈలోపే 2006లో ఆ రెండు దేశాలూ విడిపోయాయి. సెర్బియాకు ‘ఆర్‌ఎస్’, మాంటెనెగ్రోకు ‘ఎంఈ’ వచ్చాయి. యుగోస్లావియా అన్న పేరు భూమ్మీద లేకుండా పోయిన ఏడేళ్లకు, 2010 మార్చి 30న, డాట్ వైయూ ఆగింది. ఇలాంటి వీడ్కోళ్లకు 2022లో ఐకాన్ లిఖిత నియమమే పెట్టింది. నోటీసు ఇచ్చాక ఐదేళ్ల గడువు, అవసరమైతే మొత్తం పదేళ్ల దాకా పొడిగించవచ్చు.

మన లిపికీ ఈ కథలో చోటుంది. 2009లో ఇంగ్లిష్ కాని లిపుల్లోనూ దేశాల ఎక్స్‌టెన్షన్లు అడగవచ్చన్నారు. 2011లో భారతదేశం ఏడు లిపుల్లో పొందింది. వాటిలో తెలుగు లిపిలోని డాట్ భారత్ ఒకటి. ఇక్కడ రెండక్షరాల హద్దు లేదు. దేశాన్ని ఆ భాషలో నిజంగా ఎలా పిలుస్తారో చూపిస్తే చాలు. కానీ అడగడానికి అర్హత మళ్లీ ఐఎస్ఓ జాబితాలో ఉన్నవాళ్లకే. తెలుగులో రాసిన భారత్ కూడా 1974 నాటి ఆ పట్టికలోని ‘ఇన్’ అనే వరుస మీదే నిలబడి ఉంది.

ఈ ఏర్పాటుకు మూల్యం చెల్లిస్తున్నవాళ్లూ ఉన్నారు. కొసావో 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్య్రం ప్రకటించుకుంది. నూరుకు అటూ ఇటూ దేశాలు గుర్తించాయి. టెలిఫోన్‌కు 383 అన్న దేశ సంకేతం కూడా వచ్చింది. సమితిలో సభ్యత్వం మాత్రం లేదు, ఐఎస్ఓ జాబితాలో పేరూ లేదు. ‘ఎక్స్‌కే’ అని చాలామంది రాస్తుంటారు. కానీ ఎవరి అవసరానికి వాళ్లు వాడుకోమని ఐఎస్ఓ వదిలేసిన అక్షరాల్లోది అది, రూట్ జోన్‌లోకి ఎక్కదు. అందుకని కొసావో ప్రభుత్వపు వెబ్‌సైట్లు డాట్ నెట్ కింద తలదాచుకున్నాయి. అక్కడి పౌరుడి కష్టం నాకు అర్థమవుతుంది. అయినా వాళ్ల కోసం ఇంజనీర్లు ఒక్కసారి నియమం తప్పితే, ఆ తర్వాత ప్రతి యుద్ధంలోనూ ఇరుపక్షాలూ రూట్ జోన్ తలుపే తడతాయి. తలుపు తీసే అధికారం తమకు లేదని నిజాయితీగా చెప్పగలిగితేనే ఆ ఫైలు అందరిదిగా ఉంటుంది.

తర్వాత వంతు బూగన్‌విల్ దీవులది కావచ్చు. పపువా న్యూగినీలో భాగమైన ఆ దీవుల ప్రజలు 2019 చివర్లో దాదాపు 98 శాతం మంది స్వాతంత్య్రం కావాలని ఓటేశారు. 2027 సెప్టెంబరు 1న అది దక్కాలని అక్కడి నాయకులు కోరుతున్నారు. నేను కాగితం తీసుకుని ఆ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి చూశాను. మొదటి అక్షరం ‘బీ’ పక్కన ఆ పేరులోని మరే అక్షరం పెట్టినా అప్పటికే తీసుకున్నదే. ‘బీఓ’ బొలీవియా, ‘బీజీ’ బల్గేరియా, ‘బీఏ’ బోస్నియా, ‘బీఐ’ బురుండి, ‘బీఎన్’ బ్రూనై, ‘బీఎల్’ సెయింట్ బార్తెలమీ, ‘బీఈ’ బెల్జియం. ‘బీవీ’ మనిషన్నవాడు కాపురముండని బూవే దీవి. నార్వేది, దాని కింద పేర్లు నమోదు చేయనే చేయరు. మిగిలిన ‘బీయూ’ 1989లో బర్మా వదిలేసింది, 50 ఏళ్ల కట్టుబాటు లెక్కన 2039 దాకా దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. ఆ దీవుల వాళ్లు స్వతంత్రులయ్యేనాటికి ఏ పేరు పెట్టుకుంటారో, దాన్నిబట్టి ఐఎస్ఓ సంస్థ ఏ రెండక్షరాలు వెతికి ఇస్తుందో, ఆ వరుస రూట్ జోన్‌లో ఎప్పుడు చేరుతుందో చూడాలని నేను ఆసక్తిగా ఎదురుచూస్తున్నాను.